రిపోర్టులో దాచిన చోట, దాచామని ఒక లైను రాయండి

బెంగళూరులో ల్యాబులకు, హాస్పిటళ్లకు రిపోర్ట్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్న డెవలపర్లకు, టెస్టర్లకు, ప్రొడక్ట్ మేనేజర్లకు,

నమస్కారం.

నేనూ మీ పనే చేస్తాను. చాలా ఏళ్లుగా ఈ ఊళ్లోనే రిపోర్ట్ టెంప్లేట్లు తయారుచేస్తున్నాను. మన టీముల్లో తెలుగువాళ్లు ఎంతమంది ఉంటారో మీకూ తెలుసు, అందుకే ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. మనం తయారుచేసిన కాగితాలు చేతపట్టుకుని తిరిగేవాళ్లలోనూ మనవాళ్లు తక్కువేం లేరు. అనంతపురం, హిందూపురం, మదనపల్లె, పలమనేరు నుంచి గుండెకని జయదేవకు, క్యాన్సర్‌కని కిద్వాయికి, నరాల జబ్బులకని నిమ్హాన్స్‌కు రోజూ వస్తూనే ఉంటారు. పరీక్షలు ఇక్కడ ఏదో ఒక ల్యాబులో చేయించుకుంటారు, ఆ కాగితాలు తీసుకెళ్లి ఊళ్లో తమకు నమ్మకమున్న డాక్టరుకు చూపిస్తారు. అక్కడ వివరించడానికి ల్యాబువాళ్లు పక్కన ఉండరు. కాగితం ఏం చెబితే అదే.

నా విన్నపం ఒక్కటే. రిపోర్టులో ఒక గ్రూపును, అంటే కలిపి చూపించే లేదా కలిపి దాచే కొన్ని లైన్లను, దాచినప్పుడు, దాచామనీ ఎందుకు దాచామనీ ఆ చోటే ఒక లైను అచ్చువేయండి. పరీక్ష చేయలేదు, చేశాం గానీ ఫలితం ఇవ్వలేకపోయాం, ఫలితం సున్నా వచ్చింది, ఈ పరీక్ష మీకు వర్తించదు. ఇవి నాలుగు వేరువేరు సంగతులు. మన టెంప్లేట్లలో మాత్రం నాలుగింటికీ ఒకటే పద్ధతి నడుస్తోంది: ఆ గ్రూపు కనిపించకుండా పోతుంది, కింది లైన్లు పైకి జరిగి ఆ ఖాళీని పూడ్చేస్తాయి.

దాచడమే తప్పని నేను అనడం లేదు. దాచకపోతే మన పని సాగదు. హెల్త్ చెకప్ ప్యాకేజీలో కిడ్నీ, లివర్, థైరాయిడ్, లిపిడ్, షుగర్ అన్నీ కలిపి డజన్లకొద్దీ పరీక్షలు ఉంటాయి. ఒకాయన షుగర్ మాత్రమే చేయించుకున్నాడు, ఆయనకు ఐదు పేజీల ఖాళీ గడులు అచ్చువేసి ఇస్తామా? ఒకే టెంప్లేటు పెట్టుకుని, చేయించుకున్న గ్రూపుల్ని చూపించి మిగతావి తీసేయడమే సరైన పద్ధతి. జీఎస్టీ బిల్లులోనూ అంతే. రాష్ట్రంలోపల అమ్మితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ గడులు, వేరే రాష్ట్రానికైతే ఐజీఎస్టీ గడి. రెండు రకాలూ ఒకే బిల్లులో కనిపిస్తే చదివేవాడికి అయోమయం. అక్కడ దాచినందువల్ల ఎవరికీ నష్టం లేదు, ఎందుకంటే ఏ గడి ఎప్పుడు ఉండాలో చట్టమే చెప్పింది, చదివేవాడికీ తెలుసు.

ల్యాబ్ రిపోర్టు చదివేవాళ్లకు ఆ తెలివిడి ఉండదు. ఏం ఉండాలో తెలియనివాళ్లకు ఏం లేదో ఎలా తెలుస్తుంది?

మా బాబాయి మదనపల్లెలో ఉంటాడు. ఆయన మొన్నామధ్య మా ఇంటికి వచ్చినప్పుడు ఇక్కడే ఒక ల్యాబులో ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించాం. ల్యాబు పేరు రాయను, ఎందుకంటే ఇది ఆ ఒక్క ల్యాబు సంగతి కాదు. రిపోర్టు వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా వచ్చింది. లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) అన్న హెడింగ్ కింద మూడు లైన్లు: మొత్తం కొలెస్ట్రాల్ 262, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, ట్రైగ్లిజరైడ్స్ 486. వెంటనే తర్వాతి హెడింగ్ థైరాయిడ్. బాబాయి ఊరికి పోయి డాక్టరుకు చూపిస్తే, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) చేయలేదే, అది లేకుండా ఎలాగండీ అన్నాడట. ఆ సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, నాయినకు ఎల్‌డీఎల్ చేయనే లేదంట. ప్యాకేజీ మొత్తానికి దుడ్లు కట్టినాం గదా?"

పీడీఎఫ్ తెరిచి చూస్తే ఏం జరిగిందో నాకు అర్థమైంది. ల్యాబు చేసింది తప్పు కాదు. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను విడిగా కొలవరు, లెక్క కడతారు. 1972లో వచ్చిన ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం అది: మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతు కూడా తీసేస్తే మిగిలేది ఎల్‌డీఎల్. ఆ ఐదో వంతునే వీఎల్‌డీఎల్ అని చూపిస్తారు. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ ఐదో వంతు అన్న అంచనా చెల్లదు, కాబట్టి ఆ లెక్కనూ నమ్మకూడదు. అందుకని టెంప్లేటు రాసినవాళ్లు ఒక కండిషన్ పెట్టారు: ట్రైగ్లిజరైడ్స్ 400 లోపు ఉంటేనే ఈ గ్రూపు అచ్చువేయాలి. బాబాయికి 486. గ్రూపు మొత్తం పోయింది.

వైద్యం ప్రకారం ఆ కండిషన్ సరైనదే. కానీ ఆ గ్రూపులో ఏమేం పెట్టారో చూడండి. ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్, ఎల్‌డీఎల్‌కు హెచ్‌డీఎల్‌కు ఉన్న నిష్పత్తి. ఈ మూడూ పోవాల్సినవే. వాటితోపాటు నాన్ హెచ్‌డీఎల్ కొలెస్ట్రాల్ కూడా పోయింది. దానికీ ట్రైగ్లిజరైడ్స్‌కూ లెక్కలో సంబంధమే లేదు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే వచ్చేది అదే, 262లోంచి 34 పోతే 228. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువగా ఉన్నవాళ్ల విషయంలో డాక్టర్లు ముఖ్యంగా చూసేది ఆ అంకెనే. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల రిపోర్టులోనే అది కనిపించకుండా పోయింది. డిజైన్‌లో నాలుగు లైన్లూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి కాబట్టి, ఎవరో నాలుగింటినీ కలిపి ఒకే ఫ్రేములో, అంటే ఒకే డబ్బాలో, పెట్టారు. చోటును బట్టి గ్రూపు కట్టారు తప్ప అర్థాన్ని బట్టి కట్టలేదు.

అక్కడ ఒక్క లైను ఉండాల్సింది: "ట్రైగ్లిజరైడ్స్ 400 దాటినందువల్ల ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్ లెక్క కట్టలేదు. ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిచే పరీక్ష వేరుగా ఉంది, మీ డాక్టరును అడగండి." అంతే. ఆ డాక్టరుకు విషయం తెలిసేది, తమ్ముడికి మోసపోయామన్న అనుమానం వచ్చేది కాదు, బాబాయి మళ్లీ పరగడుపున సూది పొడిపించుకునే పని ఉండేది కాదు. ఆయన రెండోసారి కూడా మామూలు లిపిడ్ ప్రొఫైలే చేయించుకున్నాడు. ఎందుకు రాలేదో తెలియనప్పుడు మనిషి ఏం చేస్తాడు, అదే పరీక్ష మళ్లీ చేయించుకుంటాడు.

ఈ లైను వేయడానికి మన టూల్స్‌లో అడ్డేమీ లేదు. టియోడోర్ డాంచు 2001లో మొదలుపెట్టిన జాస్పర్‌రిపోర్ట్స్‌లో ప్రింట్ వెన్ ఎక్స్‌ప్రెషన్ (ఎప్పుడు అచ్చువేయాలో చెప్పే కండిషన్) ఉంది. క్రిస్టల్ రిపోర్ట్స్‌లో సెక్షన్‌కు సప్రెస్ (దాచే) ఫార్ములా ఉంది. మైక్రోసాఫ్ట్ ఎస్ఎస్ఆర్ఎస్‌లో హిడెన్ ప్రాపర్టీకి ఎక్స్‌ప్రెషన్ రాసుకోవచ్చు. ఫలితాల గ్రూపు మీద ఒక కండిషన్ ఉంటే, దానికి సరిగ్గా వ్యతిరేకమైన కండిషన్‌తో అదే చోట ఒక టెక్స్ట్ ఫీల్డ్ పెట్టండి. ఫలితం ఉంటే ఫలితం వస్తుంది, లేకుంటే కారణం వస్తుంది. కొత్తగా చేరిన కుర్రవాళ్లు కూడా ఒక పూటలో చేసేయగలరు.

కొత్తవాళ్ల మాట వచ్చింది కాబట్టి, వాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడే చోటు ఒకటి చెబుతాను. జాస్పర్‌లో ఎలిమెంట్ గ్రూప్ అని ఒకటి ఉంటుంది. పేరు చూసి, నాలుగు ఫీల్డుల్ని అందులో పెడితే ఒకే కండిషన్‌తో దాచవచ్చని అనుకుంటారు. అది దాచడానికి ఉద్దేశించింది కాదు. పక్కపక్కనున్న గడుల్లో ఒకటి పొడుగు సాగినప్పుడు మిగతావీ దానితో సమానంగా సాగడానికి పనికొస్తుంది, కండిషన్ పెట్టే వీలు దానికి లేదు. దాచాలంటే ఫ్రేములో పెట్టి కండిషన్ ఫ్రేముకు ఇవ్వాలి, లేదా ఆ గ్రూపుకు విడిగా ఒక బ్యాండు (పేజీలో అడ్డంగా ఉండే భాగం) ఇచ్చి కండిషన్ బ్యాండుకే పెట్టాలి. క్రిస్టల్‌లో అయితే డీటెయిల్స్ సెక్షన్‌ను ఏ, బీ, సీ అని విడగొట్టుకుంటాం. ఎస్ఎస్ఆర్ఎస్‌లో రెక్టాంగిల్ పెడతాం. ఇది తెలియక, ఒకే కండిషన్‌ను పద్నాలుగు ఫీల్డులకూ కాపీ పేస్ట్ చేసిన టెంప్లేట్లు నా దగ్గరికి ఇప్పటికీ వస్తుంటాయి. పదిహేనో ఫీల్డు చేర్చినరోజు ఎవరో కండిషన్ మర్చిపోతారు. అప్పుడు పరీక్షలన్నీ పోయి యూనిట్లు మాత్రం అచ్చవుతాయి, లేదా హెడింగ్ ఒక్కటే గాలిలో మిగిలిపోతుంది. గ్రూపు అంటే ఒక డబ్బా, దానికి ఒక కండిషన్, ఆ కండిషన్‌కు అర్థమయ్యే పేరు. దీన్ని మీ టీములో నియమంగా పెట్టుకోమని అడుగుతున్నాను.

జాస్పర్‌లో ఖాళీ వరుసను తీసేసే రిమూవ్ లైన్ వెన్ బ్లాంక్ గురించి కూడా ఒక మాట. అది పనిచేయాలంటే ఆ వరుసలో ఇంకే ఎలిమెంటూ అచ్చు కాకూడదు. పక్కన నిలువు గీత ఒకటి ఉన్నా ఖాళీ అలాగే ఉండిపోతుంది. ఆ ఖాళీని చూసి మనం బగ్ అంటాం, టికెట్ వేస్తాం, గీత తీసేసి సరిచేస్తాం. చదివేవాడి వైపు నుంచి చూస్తే, ఇక్కడ ఏదో ఉండాలి కదా అన్న ప్రశ్న పుట్టించేది ఆ ఖాళీ ఒక్కటే. దాన్ని కూడా తీసేసి కారణం రాయకపోతే, అడగడానికి కూడా వాళ్లకు ఆధారం మిగలదు. ఖాళీ తీసేయండి, బాగానే ఉంటుంది. దాని బదులు ఒక మాట పెట్టి తీసేయండి.

ఇంకో రకం కండిషన్లు నన్ను ఎక్కువ భయపెడతాయి. ఆడవాళ్లకు ఒక రేంజి (ఫలితం ఉండాల్సిన హద్దులు), మగవాళ్లకు ఒక రేంజి. హిమోగ్లోబిన్ తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మగవాళ్లకు 13 కన్నా తక్కువైతే రక్తహీనత, గర్భవతులు కాని ఆడవాళ్లకు 12 కన్నా తక్కువైతే. అంటే 12.4 వచ్చినప్పుడు ఆమెకైతే ఫరవాలేదు, ఆయనకైతే రక్తం తక్కువ. టెంప్లేట్లో రెండు ఫ్రేములు ఉంటాయి. జెండర్ ఎం అయితే ఇది చూపించు, ఎఫ్ అయితే అది చూపించు. ఆదివారం పూట అపార్ట్‌మెంట్లలో పెట్టే హెల్త్ క్యాంపుల్లో రిజిస్ట్రేషన్ హడావుడిగా సాగుతుంది. జెండర్ గడి ఖాళీగా వదిలేస్తారు. డేటాబేస్‌లో అది నల్, అంటే విలువే లేదని. నల్‌ను దేనితో పోల్చినా ఎస్‌క్యూఎల్‌లో అవుననీ రాదు, కాదనీ రాదు. క్రిస్టల్ ఫార్ములా అయితే నల్ తగలగానే ఆగిపోయి ఖాళీ ఇస్తుంది, ముందే ఈజ్ నల్ అని చూసుకుంటే తప్ప. అలాంటప్పుడు రెండు ఫ్రేముల్లో ఏదీ రాకపోవచ్చు. 12.4 అన్న అంకె ఒక్కటే ఉంటుంది. పక్కన రేంజి లేదు, తక్కువ అని చెప్పే గుర్తు లేదు, బోల్డ్ లేదు. మన రిపోర్టులు చదివేవాళ్లు ముందు బోల్డ్ అక్షరాల కోసమే చూస్తారు. బోల్డ్ లేకపోతే అంతా బాగానే ఉందనుకుని ఫైల్లో పెట్టేస్తారు.

ఎం, ఎఫ్ కాకుండా మూడో గడి కూడా ఫారాల్లో ఉంది. ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించాలని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. ఆ గడికి టిక్కు పెట్టినవాళ్లకు ఏ రేంజి చూపించాలో నేను చెప్పలేను, నిర్ణయించాల్సింది డాక్టర్లు. కానీ ఏదీ చూపించకుండా, ఎందుకు చూపించలేదో చెప్పకుండా రిపోర్టు చేతికివ్వడం వాళ్లను లెక్కలోకి తీసుకోకపోవడమే. చూపించు, దాచు అని మనం రాసే ప్రతి జంటకూ "మిగిలినవాళ్లందరికీ" అన్న మూడో దారి ఒకటి ఉండాలి. ఆ దారిలో కనీసం రెండు రేంజులూ చూపించి, జెండర్ నమోదు కాలేదని రాయవచ్చు.

ఇక్కడిదాకా చదివి, మరి గోప్యత సంగతేంటని మీరు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. దాచామని చెప్పడమే గుట్టు బయటపెట్టినట్టయ్యే చోట్లు ఉన్నాయి. హెచ్ఐవీ పరీక్షనే చూడండి. 2017లో చేసిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. మనిషి సమ్మతి లేకుండా ఆ స్థితిని బయటపెట్టడాన్ని అది కట్టడి చేస్తుంది. సర్జరీకి ముందు చేసే పరీక్షల రిపోర్టును ఇంటిల్లిపాదీ చూస్తారు. అందులో "ఒక ఫలితం దాచాము" అని రాస్తే, రాయకుండా రాసినట్టే. ఇలాంటి చోట నా విన్నపం వేరు: ఆ ఫలితాన్ని ఆ రిపోర్టులోకి అసలు తీసుకురాకండి. దానికి వేరే రిపోర్టు, వేరే ప్రింటు, ఆ మనిషి చేతికే ఇవ్వాలి. గర్భవతుల స్కానింగ్ రిపోర్టు సంగతి ఇంకా స్పష్టం. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పకూడదు. అలాంటి ఫీల్డును టెంప్లేట్లో పెట్టి కండిషన్‌తో దాచడమనే ఆలోచనే రాకూడదు. ఆ ఫీల్డు డేటాబేస్‌లోనూ ఉండకూడదు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, కనిపించకుండా చేయడం వేరు, లేకుండా చేయడం వేరు. ఈ తేడాను మన దగ్గర చాలామంది పట్టించుకోరు. వెబ్ రిపోర్టులో ఒక గ్రూపుకు డిస్‌ప్లే నన్ అని పెడితే స్క్రీన్ మీద కనిపించదు, పేజీ సోర్స్ తెరిస్తే మొత్తం అక్కడే ఉంటుంది. పీడీఎఫ్‌లో నల్ల పెట్టె కింద ఉన్న అక్షరాల్ని మౌస్‌తో సెలెక్ట్ చేసి కాపీ చేసుకోవచ్చు, తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాల్నీ అంతే. 2003లో వచ్చిన పీడీఎఫ్ 1.5 నుంచి లేయర్లు కూడా ఉన్నాయి. ఆఫ్ చేసిన లేయరు ఫైల్లోనే ఉంటుంది, చదివేవాడు ఆన్ చేసుకోవచ్చు.

ఎక్సెల్ అయితే చెప్పనే అక్కర్లేదు. నాకు తెలిసిన ఒక అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ బకాయిల రిపోర్టును సాఫ్ట్‌వేర్‌లోంచి ఎక్సెల్‌గా తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఫ్లాట్ నంబరు, బకాయి కనిపిస్తున్నాయి. మధ్యలో కాలమ్ అక్షరాలు సీ తర్వాత ఒక్కసారిగా జీకి దూకాయి. పైన చిన్న ప్లస్ గుర్తు. ఎవరో ఊరికే నొక్కితే ఓనర్ల ఫోన్ నంబర్లు, అద్దెకున్నవాళ్ల పేర్లు, ఆధార్ నంబర్లు అన్నీ బయటపడ్డాయి. రిపోర్టు రాసినవాళ్లు ఆ కాలమ్‌లను గ్రూపు చేసి ముడిచిపెట్టారంతే, తీసేయలేదు. ఆధార్‌నైనా చివరి నాలుగు అంకెలే కనిపించేలా మాస్క్ చేసి ఉండాల్సింది. చూడకూడని సమాచారాన్ని క్వెరీలోనే, అంటే డేటాబేస్‌ను అడిగే చోటే, ఆపేయాలి, రిపోర్టు దాకా రానివ్వకూడదు. లేఅవుట్‌లో పెట్టే కండిషన్ చదవడానికి వీలుగా ఉండటం కోసమే, రహస్యాన్ని కాపాడటానికి అది సరిపోదు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ నంబర్లు మన ఇరుగుపొరుగువాళ్లవి.

హాస్పిటల్ బిల్లుల దగ్గరికి వస్తే దాచడానికీ డబ్బుకూ ముడి ఉంది. గ్రూపును దాచినా అది మొత్తంలోంచి పోదు. జాస్పర్ వేరియబుల్ ప్రతి రికార్డునూ కూడుకుంటుంది, ఎలిమెంటు అచ్చయిందా లేదా అన్నది దానికి పట్టదు. క్రిస్టల్‌లో సప్రెస్ చేసిన రికార్డులూ సమ్మరీలో లెక్కకొస్తాయి. ఎక్సెల్‌లో సమ్ ఫంక్షన్ దాచిన వరుసల్ని కూడా కలుపుతుంది, వాటిని వదిలేయాలంటే సబ్‌టోటల్‌లో 109 వాడాలి. ఇప్పుడు డిశ్చార్జి రోజున చేతికిచ్చే బిల్లు సారాంశం ఊహించుకోండి. గది అద్దె 18,000, డాక్టర్ ఫీజులు 9,500, ల్యాబ్ 4,200, మందులు 11,350. కూడితే 43,050. కింద మొత్తం 46,210 అని ఉంది. తేడా 3,160. గ్లవ్స్, సిరంజీల్లాంటి కన్జ్యూమబుల్స్ గ్రూపును సారాంశంలో చూపించవద్దని ఎవరో అన్నారు, మనం దాచాం. బిల్లింగ్ కౌంటరు ముందు ఒకాయన ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచి మళ్లీ మళ్లీ కూడుతుంటాడు. వెనక క్యూ. భార్య వీల్‌చైర్‌లో. కౌంటర్లో కూర్చున్న అమ్మాయికి కూడా తేడా ఎక్కడుందో తెలియదు, ఎందుకంటే ఆమె స్క్రీన్ మీదా అదే టెంప్లేటు. రేపు ఇన్సూరెన్సు వాళ్లు వివరాలు అడిగినప్పుడు మళ్లీ బెంగళూరు రావాలి. "ఇతర వస్తువులు 3,160, వివరాలు అడిగితే ఇస్తాం" అన్న ఒక్క లైను ఉంటే ఈ టెన్షన్ ఉండేది కాదు. డబ్బు లెక్కల్లో మాత్రం నాది విన్నపం కూడా కాదు, పట్టుబట్టి అడుగుతున్నాను: కనిపించే అంకెలు కూడితే కనిపించే మొత్తం రావాలి.

ఈ కండిషన్లు ఎవరు నిర్ణయిస్తున్నారో కూడా ఆలోచించండి. టికెట్ ఎలా వస్తుందో మీకు తెలియనిది కాదు. "రిపోర్టు రెండో పేజీకి పోతోంది, ఈ బాక్సు తీసేయండి." క్లయింటు ముందే అచ్చువేయించుకున్న లెటర్‌హెడ్ మీద పైనా కిందా చోటు పోగా మిగిలేది తక్కువ. సాయంత్రానికి రిలీజ్. మనం కండిషన్ రాసేస్తాం. ఏ ఫలితం రోగి కంటపడాలి, ఏది పడకూడదు అన్న నిర్ణయం అలా పేజీ మార్జిన్ తీసుకుంటోంది. ఇది మన స్థాయిలో జరగాల్సిన నిర్ణయం కాదు. ల్యాబులో సంతకం పెట్టే పాథాలజిస్టు తీసుకోవాలి. కండిషన్ కోడ్‌లో ఉంటే ఆయన చదవలేడు. కాబట్టి ప్రతి టెంప్లేటుకూ ఒక షీటు రాయండి: ఈ గ్రూపులో ఏమేం ఉన్నాయి, ఎప్పుడు కనిపిస్తుంది, ఎప్పుడు కనిపించదు, కనిపించనప్పుడు దాని బదులు ఏం అచ్చవుతుంది. మామూలు మాటల్లో. ఆ షీటు మీద ల్యాబు బాధ్యుడి సంతకం లేకుండా టెంప్లేటు లైవ్‌కు పోకూడదు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు కోసం ల్యాబులు పాటించే ఐఎస్ఓ 15189 ప్రమాణం కూడా, శాంపిల్ బాగాలేక ఫలితం దెబ్బతినే అవకాశం ఉంటే ఆ వ్యాఖ్య రిపోర్టులో ఉండాలనే అంటుంది. రక్తకణాలు పగిలిపోయిన శాంపిల్‌లో పొటాషియం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, అందుకని ల్యాబు ఆ ఫలితాన్ని ఆపేస్తుంది. మంచిదే. శాంపిల్ మళ్లీ ఇవ్వాలన్న సంగతి కాగితం మీద లేకపోతే, కిడ్నీ జబ్బు మనిషి పొటాషియం చూసుకోకుండానే ఊరికి బస్సెక్కుతాడు.

ఆ ఒక్క లైను రోగి భాషలో కూడా వేయగలిగితే ఇంకా సంతోషం. ఫలితాలు ఇంగ్లిషులో ఉంటే ఉండనివ్వండి, డాక్టర్లకు అదే అలవాటు. కారణం చెప్పే లైను తెలుగులోనో కన్నడంలోనో ఉంటే ఇంట్లో పిల్లల కోసం ఎదురుచూడకుండా పెద్దవాళ్లే చదువుకుంటారు. పాత పీడీఎఫ్ లైబ్రరీలతో తెలుగు అచ్చువేస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి, గుణింతాలు చెదురుతాయి. ఇది చూసే చాలామంది వదిలేశారు. కారణాలు మహా అయితే పది పదిహేను రకాలు ఉంటాయి. లైబ్రరీ మార్చే వీలు లేకపోతే వాటిని బొమ్మలుగా తయారుచేసి పెట్టుకోండి, కండిషన్‌ను బట్టి సరైన బొమ్మ వస్తుంది. అందంగా ఉండదేమో గానీ చదవగలుగుతారు.

మీ చేతిలో ఎక్కువగా వాడే టెంప్లేటు ఏదో మీకు తెలుసు. దానితో మొదలుపెట్టండి. అన్ని ఫలితాలూ ఉన్న ఒక రోగి, ట్రైగ్లిజరైడ్స్ 400 దాటిన ఒక రోగి, జెండర్ గడి ఖాళీగా ఉన్న ఒక రోగి, శాంపిల్ పాడైన ఒక రోగి. నాలుగు రిపోర్టులూ స్క్రీన్ మీద కాకుండా కాగితం మీద తీయండి. ఇంటికి తీసుకెళ్లి సాఫ్ట్‌వేరూ తెలియని, ల్యాబూ తెలియని మనిషి చేతికివ్వండి. ఇందులో ఏం లేదో చెప్పగలవా అని అడగండి. వాళ్లు చెప్పలేని ప్రతి చోటా ఒక లైను చేర్చండి. పైన చెప్పిన కండిషన్ల షీటు నమూనా కావాలన్నవాళ్లకు నా దగ్గరున్నది పంపుతాను. ల్యాబులకు రాసినదే అయినా బిల్లులకు కూడా పనికొస్తుంది.

ఇట్లు,
బెంగళూరులో రిపోర్టులు తయారుచేసే మీ తోటి డెవలపర్